తెలుగు చిత్రప్రదర్శనల పోస్టర్లకు స్క్రైబస్ 1.6 ఎంతవరకు పనికివస్తుంది

చిత్రకళా ప్రదర్శనకు పోస్టరు తయారు చేయడమంటే ఒక చిత్రాన్నీ, నాలుగైదు పంక్తుల సమాచారాన్నీ ఒకే కాగితం మీద ఒకదానికొకటి అడ్డురాకుండా నిలపడం. చిత్రకారుని పేరు, ప్రదర్శనకు పెట్టుకున్న పేరు, గ్యాలరీ చిరునామా, తేదీలు, వేళలు, ప్రవేశం ఉచితమో కాదో చెప్పే ఒక మాట తప్ప చూసేవారికి అందులో మరేమీ అవసరం లేదు. పని చిన్నదే అయినా మన ఊళ్ళలో అది తరచుగా చెడిపోతూ ఉంటుంది. కాగితం కొలతకు సరిపెట్టడానికి చిత్రాన్ని అటూ ఇటూ కోసేస్తారు. అచ్చులో ఎరుపు ఇటుకరంగుకు తిరుగుతుంది. పేరులోని ఒత్తు కింది పంక్తిలోని గుడికి తగులుతుంది. లేదా ఈ తలనొప్పి అంతా ఎందుకని తెలుగే లేకుండా ఇంగ్లీషులో వేసి ఊరుకుంటారు. మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్ళినా, బంజారాహిల్స్‌లోని ప్రైవేటు గ్యాలరీలకు వెళ్ళినా, తెలుగు చిత్రకారుని ప్రదర్శనకే తెలుగు అక్షరం లేని పోస్టరు కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోని పరిస్థితి వచ్చింది.

ఈ లోపాలలో చాలావాటికి మూలం రూపకర్తల అభిరుచిలో కాక వారి చేతిలోని పనిముట్టులో ఉందని నా అభిప్రాయం. మన డీటీపీ కేంద్రాలలో పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, వాటికి తోడుగా అను, శ్రీలిపి వంటి యూనికోడేతర ఫాంట్లు (ఫోన్లలో, వెబ్‌లో వాడే యూనికోడ్ అక్షర ప్రమాణానికి చెందనివి) దశాబ్దాలుగా పాతుకుపోయి ఉన్నాయి. చిత్రకారుడు ఫోనులో యూనికోడ్ తెలుగులో పంపిన సమాచారాన్ని అక్కడ మళ్ళీ టైపు చేయాలి, లేదా మార్పిడి చేయాలి. రెండింటిలోనూ తప్పులు దొర్లే అవకాశం ఉంటుంది, పేరులో దొర్లిన తప్పు ప్రదర్శన ముగిసేదాకా గోడ మీదే ఉంటుంది. యూనికోడ్ తెలుగును నేరుగా తీసుకుని, అచ్చు యంత్రానికి కావలసిన నాలుగు రంగుల పీడీఎఫ్‌ను ఇవ్వగలిగిన కంప్యూటరు కార్యక్రమం (సాఫ్ట్‌వేర్) కావాలి, అది చిన్న గ్యాలరీలు, కళాకారుల బృందాలు భరించగలిగిన ధరలో ఉండాలి. ఈ రెండు అవసరాలనూ పేజీలు పేర్చే స్క్రైబస్ అనే కార్యక్రమం ఉచితంగా తీరుస్తుందని, ప్రదర్శనల పోస్టర్లకు దానినే వాడుతున్న మనిషిగా నేను చెప్పగలను. దాని బలాలూ, విసిగించే గుణాలూ రెండూ ఈ సమీక్షలో ఉన్నాయి.

స్క్రైబస్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. విండోస్, మాక్, లైనక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. దానికి లైసెన్సు రుసుము గాని, నెలవారీ చందా గాని లేదు. పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు పేర్చడానికి పుట్టిన కార్యక్రమం కాబట్టి దాని ఆలోచన మొదటినుంచీ అచ్చు కాగితం చుట్టూ తిరుగుతుంది. అయితే 1.4 వరుసలోని పాత రూపాలు (వెర్షన్లు) తెలుగువారికి పనికివచ్చేవి కావు. అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే తప్ప ఒత్తును హల్లు కిందికి చేర్చడం వాటికి తెలియదు. ‘ప్రదర్శన’ అని రాస్తే పొల్లులూ విడి హల్లులూ వరుసగా నిలబడేవి. ఒమన్‌కు చెందిన అభివృద్ధికారుల బృందం అరబ్బీ లిపి కోసం పూనుకుని హార్ఫ్‌బజ్ అనే అక్షర సంయోజన యంత్రాంగాన్ని 1.5 వరుసలో చేర్చడంతో భారతీయ లిపులకూ దారి తెరుచుకుంది. ఆ మార్పులన్నీ స్థిరరూపంగా 1.6.0 పేరుతో 2024 జనవరిలో విడుదలయ్యాయి. పాత అనుభవంతో ‘స్క్రైబస్‌లో తెలుగు రాదు’ అని పక్కన పెట్టినవారు ఈ రూపాన్ని ఒకసారి చూడడం న్యాయం.

స్థాపించుకోవడంలో చెప్పుకోదగిన చిక్కు ఒక్కటే. విండోస్‌లో గాని మాక్‌లో గాని ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే సహాయక కార్యక్రమాన్ని విడిగా వేసుకోకపోతే ముద్రణకు ముందు చూపే ప్రివ్యూ పనిచేయదు. పేజీ కొలత, నలుదిక్కులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో తెగిపోయేలా అంచు దాటి వేసే భాగం), అంచుల దూరం అన్నీ కొత్త పత్రం తెరిచేటప్పుడే అడుగుతుంది. పది ఇరవై ప్రతులు చాలనుకుంటే డిజిటల్ ప్రింటుకు ఏ3 కొలత, అంటే 297, 420 మిల్లీమీటర్లు, అనువైనది; మన డిజిటల్ ప్రెస్సులలో వాడుకలో ఉన్న 13, 19 అంగుళాల కాగితంలో బ్లీడుతో సహా అది ఇమిడిపోతుంది. వందల్లో వేయించి ఆఫ్‌సెట్‌కు పోయేవారు ముందుగా ప్రెస్సువారి దగ్గర ఏ షీటు ఉందో తెలుసుకోవాలి. 18, 23 అంగుళాల డెమ్మీ గాని, 20, 30 అంగుళాల డబుల్ క్రౌన్ గాని అయితే పోస్టరు కొలతను దానికి తగ్గట్టు నిర్ణయించుకుంటే కాగితం వృథా కాదు.

ఇక తెలుగు అక్షరం సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలవాలి, ఎందుకంటే పోస్టరు మీద అక్షరం పుస్తకంలోలా పన్నెండు పాయింట్లలో ఉండదు. అరవై, ఎనభై పాయింట్లకు పెరిగినప్పుడు పుస్తకంలో కంటికి ఆనని ప్రతి దోషమూ బయటపడుతుంది. మొదటి పంక్తిలో ‘చిత్రకళా ప్రదర్శన’ అనీ, రెండో పంక్తిలో ‘నీటిరంగుల చిత్రాలు’ అనీ వేయవలసి ఉందనుకుందాం. పై పంక్తిలో ‘త్ర’, ‘ప్ర’ల క్రావడులు, ‘ర్శ’లోని శ ఒత్తు కిందికి దిగుతాయి. కింది పంక్తిలో ‘నీ’ మీది గుడిదీర్ఘం, ‘టి’ మీది గుడి పైకి లేస్తాయి. ఇంగ్లీషు అక్షరాలకు అలవాటుగా ఇచ్చే ఎడం, అంటే అక్షరం కొలతకు ఐదోవంతు ఎక్కువ, ఇక్కడ చాలదు. క్రావడి పోయి గుడిలో ఇరుక్కుంటుంది. దూరం నుంచి చూసేవారికి అది రెండు అక్షరాలుగా కాక ఒక మరకలా కనిపిస్తుంది.

స్క్రైబస్‌లో పంక్తుల ఎడానికి మూడు పద్ధతులు ఉన్నాయి: మనం ఇచ్చిన కొలతకు కట్టుబడేది, ఫాంటును బట్టి తనంతట తాను నిర్ణయించేది, పేజీ మీది ఆధార గీతలకు అంటిపెట్టేది. తెలుగు పోస్టరుకు మొదటిదే ఎంచుకోవాలి. తెలుగు ఫాంట్లలో ఒత్తులకూ గుడులకూ కలిపి పైనా కిందా విడిచిన చోటు ఒక్కొక్క ఫాంటులో ఒక్కొక్క విధంగా ఉండడం వల్ల, ఆటోమేటిక్ పద్ధతి పెడితే తెలుగు పంక్తుల మధ్య ఒక ఎడం, పక్కనే ఉన్న ఇంగ్లీషు పంక్తుల మధ్య మరొక ఎడం వచ్చి పేజీ కుంటుతుంది. అరవై పాయింట్ల తెలుగు శీర్షికకు ఎనభై నాలుగు నుంచి తొంభై పాయింట్ల వరకు ఎడం ఇచ్చి, ఆ పైన కంటితో చూసి సవరించుకోవడం నా పద్ధతి. ఒత్తులు లేని పేరు వస్తే ఎడం తగ్గించుకోవచ్చు; ‘రమణ’, ‘జమున’ వంటి పేర్లు కింద ఏమీ అడగవు. స్క్రైబస్ పాయింటులో భాగాల వరకు కూడా కొలతను మార్చనిస్తుంది కాబట్టి ఈ సవరణ హాయిగా సాగుతుంది. పెట్టెలో మొదటి పంక్తి ఎక్కడ మొదలుకావాలో నిర్ణయించే అమరిక కూడా ఉంది. దాన్ని పంక్తుల ఎడానికి కట్టి ఉంచితే, ఫాంటు మార్చినప్పుడల్లా శీర్షిక కిందికి జారిపోదు.

ఈ కార్యక్రమంలో నాకు బాగా నచ్చిన ఒక కాఠిన్యం ఉంది. ఫాంటులో లేని బొద్దు రూపాన్ని అది తనంతట తాను కల్పించదు. మామూలు కార్యక్రమాలలో ‘బోల్డ్’ మీట నొక్కితే ఉన్న అక్షరానికే చుట్టూ కొవ్వు పట్టించి చూపుతాయి, దానితో తెలుగు అక్షరాలలోని సన్నని కంతలు పూడిపోతాయి. స్క్రైబస్‌లో ఫాంటు ఎన్ని మందాలతో వచ్చిందో అన్నే కనిపిస్తాయి. కాబట్టి ఫాంటు ఎంపికే ముఖ్యమవుతుంది. ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లలో రామభద్ర బలమైన శీర్షికలకు నిలుస్తుంది, అయితే అది ఒకే మందంలో ఉంటుంది, చిన్న అక్షరాలకు పనికిరాదు. తేదీలు, చిరునామా వంటి చిన్న పంక్తులకు మండలి స్పష్టంగా ఉంటుంది. సంప్రదాయ చిత్రాల ప్రదర్శనకు, గీతలో సన్నందనం లావుదనం కలిగిన టీరో తెలుగు గాని, నోటో సెరిఫ్ తెలుగు గాని హుందాగా ఉంటాయి. సమకాలీన చిత్రాలకు ఎక్ టైప్ సంస్థ రూపొందించిన అనేక్ తెలుగు నా మొదటి ఎంపిక. పలుచని రూపం నుంచి మందపు రూపం దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా చాలా రకాలు ఉండడమే కాక, దానితో వచ్చే ఇంగ్లీషు అక్షరాలు తెలుగు పక్కన పరాయిగా కనిపించవు. అయితే ఒకే ఫైలులో అన్ని మందాలూ ఉన్న వేరియబుల్ రూపాన్ని కాక, విడివిడి ఫైళ్ళను వేసుకుంటేనే స్క్రైబస్‌లో ఇబ్బంది లేకుండా నడుస్తుంది. ధూర్జటి వంటి అలంకార ఫాంట్లను చిత్రప్రదర్శనకు వాడవద్దని నా మనవి. పోస్టరు మీద అలంకారంగా ఉండవలసింది చిత్రమే.

మరో చిన్న విషయం, గ్యాలరీ పోస్టర్లలో అడుగడుగునా ఎదురయ్యేది. ‘మాదాపూర్‌లో’ అని రాసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనిపించని విభజకం ఒకటి ఉండాలి. అది లేకపోతే ‘మాదాపూర్లో’ అని ల ఒత్తు కిందికి చేరుతుంది. ఫోనులోని కీబోర్డులు ఆ విభజకాన్ని కొన్నిసార్లు పెడతాయి, కొన్నిసార్లు పెట్టవు. స్క్రైబస్ ఉన్నదాన్ని నిలుపుతుంది, లేనిదాన్ని ఊహించదు. అందువల్ల సమాచారాన్ని ముందుగా మామూలు నోట్‌ప్యాడులో సరిచూసుకుని, తర్వాత పెట్టెలో అతికించడమే మంచిది. పేజీ మీద నేరుగా టైపు చేయడం తెలుగులో సుఖంగా ఉండదు. కర్సరు సంయుక్తాక్షరం దగ్గర ఎక్కడ ఆగిందో అంతుపట్టదు, ఒక ఒత్తును చెరిపివేయబోతే అక్షరమే పోతుంది. స్టోరీ ఎడిటర్ అనే విడి కిటికీ ఈ బాధను కొంత తగ్గిస్తుంది గాని పూర్తిగా తీర్చదు. ఇది ఈ కార్యక్రమపు నిజమైన లోపం, వచ్చే రూపాలలోనైనా సవరించవలసినది.

చిత్రాన్ని నిలపడంలో స్క్రైబస్ పద్ధతి ప్రదర్శన పోస్టరుకు సరిగ్గా తగినది. ముందు చిత్రానికి ఒక పెట్టె గీసి, అందులోకి ఫైలును రప్పించాలి. పెట్టె కొలతకు చిత్రాన్ని నిష్పత్తి చెడకుండా ఇమిడ్చవచ్చు, లేదా చిత్రం కొలతకే పెట్టెను సరిపెట్టవచ్చు. ఈ రెండోది నాకు ప్రాణప్రదమైన సౌకర్యం. చిత్రకారుడు కాన్వాసును ఎక్కడ ముగించాడో అక్కడే పోస్టరులోనూ ముగియాలి. కింది మూలలో ఉన్న సంతకాన్ని కోసివేసి, దాని మీద గ్యాలరీ చిహ్నాన్ని అతికించే హక్కు రూపకర్తకు లేదు. ఒక భాగాన్ని మాత్రమే పెద్దది చేసి చూపాలనిపిస్తే చిత్రకారుని అనుమతి తీసుకుని, అది భాగమేనని కింద చిన్న అక్షరాలలో రాయాలి. చిత్రం పేరు, మాధ్యమం, కొలత, సంవత్సరం ఉన్న ఒక పంక్తి చిత్రానికి ఆనుకుని తప్పక ఉండాలని కూడా కోరతాను. మన పోస్టర్లలో ఆ పంక్తి అరుదు, అయినా చూసేవాడికి తాను చూడబోయేది అరచేతి అంత ఎచింగో, గోడంత తైలవర్ణ చిత్రమో తెలిసేది అందువల్లనే.

చుట్టూ తెల్లని చోటు వదలడానికి మన నిర్వాహకులు ఒప్పుకోరు. ఖాళీ కనిపిస్తే ముఖ్య అతిథి ఫొటోనో, ప్రాయోజకుల చిహ్నాలనో అక్కడ నింపమంటారు. వారికి నేను 1898లో వియన్నా సెసెషన్ అనే కళాకారుల బృందపు తొలి ప్రదర్శనకు ఆస్ట్రియా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ వేసిన పోస్టరును చూపిస్తూ ఉంటాను. పైన గ్రీకు పురాణ వీరుడు థీసియస్ ఎద్దుతల రాక్షసుడు మినోటార్‌ను వధించే దృశ్యం, కుడివైపు ఎథీనా దేవత. మధ్యలో కాగితంలో పెద్ద భాగం ఏమీ లేకుండా ఖాళీగా ఉంటుంది. నగ్నంగా ఉన్న థీసియస్‌ను అధికారులు అభ్యంతరపెట్టడంతో చెట్టు బోదెలు అడ్డుగా గీయవలసి వచ్చింది గాని, ఆ ఖాళీని మాత్రం ఆయన నింపలేదు. ఆ పోస్టరు గురించి నేటికీ మాట్లాడుకుంటున్నామంటే ఆ ఖాళీకి అందులో వాటా ఉంది. స్క్రైబస్‌లో గైడు గీతలు, పొరలు సులువుగా పెట్టుకోవచ్చు కాబట్టి, చిహ్నాలన్నిటికీ అడుగున ఒక సన్నని పట్టీని మొదటే కేటాయించి, ఆ పొరకు తాళం వేసి, పైనున్న చోటును చిత్రానికే విడిచిపెట్టడం సాధ్యమవుతుంది.

చిత్రపు నాణ్యత గురించి ఒక్క మాట చాలు. ఏ3 నిండా 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) వేయాలంటే 3508, 4961 పిక్సెళ్ళ ఫైలు కావాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపినది ఎప్పటికీ సరిపోదు. చిత్రకారుణ్ణి అసలు ఫైలును మెయిలులో గాని, డ్రైవులో గాని పెట్టమని అడగాలి. తక్కువ నాణ్యత ఉన్న చిత్రాన్ని పెద్దది చేసినప్పుడు స్క్రైబస్ ఊరుకోదు. పీడీఎఫ్ చేయబోయే ముందు వచ్చే ప్రీఫ్లైట్ వెరిఫయర్ అనే తనిఖీలో, మనం పెట్టిన కనీస కొలత కంటే తగ్గిన ప్రతి చిత్రాన్నీ పేరుతో సహా చూపుతుంది. ఫాంటులో లేని అక్షరం, పెట్టెలో పట్టక దాగిపోయిన పాఠం, దారి తప్పిన చిత్రం ఫైలు కూడా ఆ జాబితాలోకి వస్తాయి. తెలుగు ఫాంటు మార్చినప్పుడు పంక్తి పొడవు పెరిగి, చివరనున్న ‘ప్రవేశం ఉచితం’ అనే మాట పెట్టె అడుగున మాయం కావడం చాలా తేలికగా జరిగే ప్రమాదం. ఈ తనిఖీ ఒక్కదాని కోసమైనా ఈ కార్యక్రమాన్ని నేర్చుకోవచ్చు.

రంగుల విషయానికి వస్తే, చిత్రప్రదర్శన పోస్టరుకు ఉన్నంత బాధ్యత సబ్బు ప్రకటనకు ఉండదు. చింతగింజల జిగురు, సుద్ద పూసిన గుడ్డ మీద వేసే చేర్యాల పటంలోని ఎర్రని నేపథ్యం అచ్చులో గోధుమరంగుకు తిరిగితే అది చేర్యాల పటమే కాదు. దామెర్ల రామారావు (1897-1925) వంటి చిత్రకారుల సుకుమారమైన వర్ణచ్ఛాయలను నాలుగు సిరాలలోకి మార్చేటప్పుడు నలుపు ఎక్కువైతే మనుషుల ఒళ్ళు బూడిద పూసినట్టు కనిపిస్తుంది. తెర మీది రంగు వెలుగుతో చేసినది, కాగితం మీది రంగు సిరాతో చేసినది. తెర మీద కనిపించే కొన్ని గాఢమైన నీలాలు, ఆకుపచ్చలు సిరాకు అందనే అందవు. స్క్రైబస్‌లో కలర్ మేనేజ్‌మెంటును మనమే తెరవాలి, అది మొదట మూసి ఉంటుంది. తెరిచి, ప్రెస్సువారి ఐసీసీ ప్రొఫైలును (వారి యంత్రం, కాగితం మీద రంగు ఎలా వస్తుందో చెప్పే ఫైలు) ఎంచుకుంటే అచ్చులో రంగు ఎలా మారుతుందో తెర మీదే ఇంచుమించు చూపిస్తుంది. మన దగ్గర ప్రొఫైలు అడిగితే తెల్లమొహం వేసే ప్రెస్సులే ఎక్కువ కాబట్టి, పూత కాగితానికి వాడుకలో ఉన్న ఫోగ్రా 39 ప్రొఫైలుతో సరిచూసుకుని, తర్వాత అదే ఆర్ట్ పేపరు మీద ఒక ప్రూఫు తీయించి అసలు చిత్రం పక్కన పగటి వెలుగులో పెట్టి చూడడం తప్పనిసరి.

మనం స్వయంగా కలిపే రంగులలో రెండు జాగ్రత్తలు చెబుతాను. నీలానికి సయాన్, మెజెంటా రెండూ నూటికి నూరు పెడితే వంగపండు రంగు వస్తుంది; మెజెంటా కనీసం ముప్పై శాతం తక్కువ ఉండాలి. చిన్న తెలుగు అక్షరాలకు నలుపు సిరా ఒక్కటే వాడాలి. స్క్రైబస్ రంగుల పట్టికలో బ్లాక్, రిచ్ బ్లాక్, కూల్ బ్లాక్, వార్మ్ బ్లాక్, రిజిస్ట్రేషన్ అని ఐదూ తెర మీద ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. నాలుగు సిరాలూ కలిసిన నలుపుతో చిరునామా వేస్తే, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ‘ఘ’కు ‘ఝ’కు తేడా తెలియనంతగా అక్షరాల చుట్టూ రంగు నీడలు తేలతాయి. రిజిస్ట్రేషన్ అనేది కటింగ్ మార్కులకు మాత్రమే. అలాగే ముదురు చిత్రం మీద సన్నని తెల్లని తెలుగు అక్షరాలు వేయడం ప్రమాదకరం. సిరా పరుచుకుని తలకట్లు పూడిపోతాయి. తప్పదనుకుంటే మందపు రూపాన్ని ఎంచుకుని, పద్నాలుగు పాయింట్లకు తగ్గకుండా ఉంచాలి.

పీడీఎఫ్ తీయడంలో ఈ కార్యక్రమం పేరుకు తగ్గట్టే ఉంటుంది. బ్లీడు, కటింగ్ మార్కులు, సిరాల పట్టీలు ఒక్కొక్క టిక్కుతో చేరుతాయి. కలర్ మేనేజ్‌మెంటు తెరిచి ఉంటే అచ్చు ప్రమాణమైన పీడీఎఫ్/ఎక్స్ రకాలు కూడా అందుబాటులోకి వస్తాయి. తెలుగువారు మరవకూడని అమరిక ఫాంట్ల పుటలో ఉంది. అక్కడ ఫాంటును జతచేయడానికి బదులు అక్షరాలను గీతలుగా మార్చే ఎంపికను తీసుకోవాలి. కారణం చెబుతాను. ఒక ప్రెస్సులో, చక్కగా ఉన్న పీడీఎఫ్‌ను నేరుగా ప్లేటుకు పంపకుండా, షీటు మీద అమర్చడానికని కోరల్‌డ్రాలో తెరిచారు. ఫాంటు వారి కంప్యూటరులో లేకపోవడంతో శీర్షికలోని ఒత్తులన్నీ పక్కకు వచ్చి నిలబడ్డాయి. అడిగితే ‘యూనికోడ్ ఇచ్చారు కదండీ, అలాగే వస్తుంది, అనులో కొట్టిస్తే ఈ గొడవ ఉండదు’ అన్నారు. ఇలాంటి మాట విని వెనక్కి తగ్గి ఇంగ్లీషు పోస్టరుతో సరిపెట్టుకున్న చిత్రకారులను ఎరుగుదును, ఆ విషయం నన్ను నిజంగా బాధపెడుతుంది. అక్షరాలు గీతలుగా మారి ఉంటే ఏ కార్యక్రమంలో తెరిచినా చెదరవు. అయితే ఆ ఫైలులో తర్వాత తేదీ మార్చడం కుదరదు కాబట్టి స్క్రైబస్ సొంత రకమైన అసలు ఎస్ఎల్‌ఏ ఫైలును భద్రపరుచుకోవాలి.

విసిగించే గుణాలు మరికొన్ని ఉన్నాయి. మెనూల అమరిక పాతకాలపుది. ఒక పెట్టె లక్షణాలు ఒక పలకలో, అందులోని పాఠం లక్షణాలు వేరే పలకలో, చిత్రం లక్షణాలు ఇంకెక్కడో ఉంటాయి. మొదటి పోస్టరు చేసేటప్పుడు సగం కాలం ఏ మీట ఎక్కడుందో వెతకడంలోనే పోతుంది. పెద్ద చిత్రం ఉన్న పేజీని జూమ్ చేస్తే మామూలు లాప్‌టాప్ మీద నెమ్మదిస్తుంది. చూపు నాణ్యతను తగ్గించుకుంటే కొంత నయం. చిత్రాన్ని మెరుగుపరిచే సాధనాలు నామమాత్రం కాబట్టి, ఫొటో తీసినప్పుడు వంకరపోయిన అంచులను సరిచేయడం, గాజు ఫ్రేము మీది వెలుగు మరకను తగ్గించడం వంటివి జింప్ అనే చిత్ర సవరణ కార్యక్రమంలో ముందే పూర్తిచేసుకుని రావాలి. 1.6లో దాచిన ఫైలు 1.4లో తెరుచుకోదు, ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసే చోట అందరూ ఒకే రూపం వాడాలి. వీటన్నిటికీ మించి, చేత్తో రాసినట్టున్న శీర్షిక కావాలంటే స్క్రైబస్ ఏమీ సాయం చేయదు. దానికి గీతలతో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ అనే కార్యక్రమంలో అక్షరాన్ని గీసుకుని, ఎస్‌వీజీగా తెచ్చి ఇక్కడ నిలపడం మేలు. ఇంక్‌స్కేప్ తెలుగును చక్కగా చూపుతుంది, కానీ నాలుగు రంగుల అచ్చుకు కావలసిన ఏర్పాటు దానిలో లేదు కాబట్టి పోస్టరు అంతా దానిలోనే ముగించలేము.

మిగిలిన పనిముట్లతో పోల్చి చూడడం అవసరం. అడోబీవారి ఇన్‌డిజైన్ నిస్సందేహంగా ఇంతకంటే సుఖమైన కార్యక్రమం. దానిలో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకుంటే తెలుగు సలక్షణంగా కుదురుతుంది, ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. ఏడాదికి రెండు మూడు ప్రదర్శనలు పెట్టే బృందం దాని కోసం నెలనెలా చందా కట్టడం భారం. ఆన్‌లైన్‌లో సిద్ధ నమూనాలు ఇచ్చే కాన్వాలో అరగంటలో పోస్టరు తయారవుతుందన్నది నిజమే, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి, వాట్సాప్ ఆహ్వానానికి నేను కూడా అదే సూచిస్తాను. కానీ ఉచిత ఖాతాలో అచ్చుకు కావలసిన సీఎంవైకే (నాలుగు సిరాల) పీడీఎఫ్ రాదు, అది డబ్బు కట్టినవారికే. అంతకంటే పెద్ద అభ్యంతరం మరొకటి. అక్కడి సిద్ధ నమూనాలు ముందే రంగులు, ఆకులు, చారలు, చుక్కలతో నిండి ఉంటాయి. వాటి మధ్య చిత్రకారుని చిత్రం ఇంకొక అలంకారంగా మారిపోతుంది. స్క్రైబస్ తెల్లని ఖాళీ పేజీతో మొదలవుతుంది. ఈ ఒక్క పనికి సంబంధించినంతవరకు దానిని గుణంగానే ఎంచుతాను.

ఎవరికి సిఫారసు చేయవచ్చునంటే, అచ్చు పోస్టర్లు వేయించే గ్యాలరీలకు, హైదరాబాదులోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) వంటి లలితకళా విద్యాలయాల్లో చదువుతూ తమ వార్షిక ప్రదర్శనకు తామే పోస్టరు చేసుకునే విద్యార్థులకు, రాజమహేంద్రవరం, వరంగల్ వంటి ఊళ్ళలో తక్కువ ఖర్చుతో ప్రదర్శనలు నడిపే కళాసంఘాలకు నిశ్శంకగా చెప్పవచ్చు. రేపే ప్రదర్శన ఉందనగా ఈ రాత్రికి పోస్టరు కావాలనేవారు మాత్రం దీని జోలికి రావద్దు. ఈ కార్యక్రమం చేతికి అలవడడానికి వారం పది రోజులు ఓపిక పట్టాలి.

వాడడం మొదలుపెట్టేవారికి మరొక్క సౌకర్యాన్ని చూపాలి. ఫైల్ మెనూలో ‘కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్’ అనే ఆజ్ఞ ఉంది. అది పోస్టరు ఫైలును, అందులో వాడిన చిత్రాలను, అడిగితే ఫాంట్లను, రంగుల ప్రొఫైళ్ళను కూడా ఒకే ఫోల్డరులో చేర్చి పెడుతుంది. ప్రదర్శన ముగిసిన తర్వాత ఆ ఫోల్డరును గ్యాలరీవారికీ, చిత్రకారునికీ చెరొక ప్రతి ఇవ్వడం ఆనవాయితీ చేసుకుంటే, అదే చిత్రాలు మరుసటి ఏడాది వేరే ఊరిలో ప్రదర్శనకు వెళ్ళినప్పుడు తేదీ, చిరునామా ఉన్న రెండు పంక్తులు మార్చి, మిగిలిన పోస్టరునంతా ఉన్నదున్నట్టుగా అచ్చుకు పంపవచ్చు.